బోడిగుండుకీ మోకాలికీ ముడి: సంబంధం లేని టైపులకు ఒకే సూపర్‌టైప్ పెట్టాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కోసం ఒక యాప్ రాస్తున్నారనుకోండి. అందులో నాలుగు రకాల డేటా ఉంది: మెయింటెనెన్స్ చెల్లింపు, ఫిర్యాదు, గేటు దగ్గర వాచ్‌మన్ రాసే విజిటర్ ఎంట్రీ, సెక్రటరీ పెట్టే నోటీసు. ఒకదానికీ ఇంకోదానికీ ఏ చుట్టరికమూ లేదు. ఇంతలో ఈ నెల జరిగినవన్నీ ఒకే స్క్రీన్ మీద తేదీల వారీగా కనిపించాలని ఎవరో అడుగుతారు. నాలుగూ ఒకే లిస్ట్‌లో పట్టాలి, ఆ లిస్ట్‌కి ఏదో ఒక టైప్ చెప్పాలి, ఇంకేముంది, చెయ్యి దానంతటదే వెళ్లి 'బేస్ ఐటమ్' అని ఒక పేరెంట్ క్లాస్ (అన్నిటికీ పైన ఉండే ఉమ్మడి టైప్, అదే సూపర్‌టైప్) రాసేస్తుంది. నాలుగు క్లాసులూ దాన్ని ఎక్స్‌టెండ్ చేస్తాయి, అంటే దాని కింద పిల్లలుగా చేరతాయి, కంపైల్ అవుతుంది, అందరూ టీకి వెళ్తారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇలాంటి పేరెంట్ చాలాసార్లు అక్కర్లేదు. అక్కర ఉందో లేదో ఆ నాలుగు క్లాసులనూ ఎంతసేపు చూసినా తెలీదు, వాటిని అందుకునే ఫంక్షన్‌ని చూస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఆ చూడటం ఎలాగో, చూశాక ఏం చేయాలో కింద రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా జావావి, పైథాన్‌వి, ఎందుకంటే నా చేతులు కాలింది అక్కడే.

ఆల్రెడీ ఒక సూపర్‌టైప్ ఉందిగా?

ఉంది. జావాలో ప్రతి క్లాసూ ఆబ్జెక్ట్ కిందికే వస్తుంది, పైథాన్‌లో అన్నీ ఆబ్జెక్టే, కోట్లిన్‌లో ఎనీ, స్కాలాలోనూ ఎనీ. గో భాషలో మెథడ్లేమీ లేని ఖాళీ ఇంటర్‌ఫేస్ (ఇంటర్‌ఫేస్ అంటే ఏయే మెథడ్లు ఉండాలో మాత్రమే చెప్పే టైప్) ఆ పని చేస్తుంది, 2022లో వచ్చిన 1.18 వెర్షన్ నుంచి దానికి ఎనీ అని పొట్టి పేరు కూడా పెట్టారు. సీ ప్లస్ ప్లస్‌లో, రస్ట్‌లో మాత్రం అందరికీ కలిపి ఒక తాత అంటూ లేడు, అయినా ఆ భాషల్లో పెద్ద పెద్ద ప్రోగ్రాములు హాయిగా నడుస్తున్నాయి.

అందరికీ తాత ఉండటం వల్ల ఒక సౌకర్యం ఉంది: లోపలికి తొంగిచూడకుండా దాచిపెట్టి తిరిగిచ్చే డబ్బాలు రాసుకోవచ్చు. 2004లో జావా 5 వచ్చేదాకా జావా లిస్టులన్నీ ఇలా ఆబ్జెక్టులు దాచినవే, బయటికి తీసిన ప్రతిసారీ కాస్టింగ్ (ఇది ఫలానా టైప్ అని మనమే చెప్పడం) చేసుకోవాల్సిందే, తప్పు కాస్ట్ అయితే రన్‌టైమ్‌లో పేలేది. లిస్ట్‌లో ఏ టైప్ ఉంటుందో ముందే చెప్పే జెనెరిక్స్ వచ్చాక ఆ అవసరం చాలావరకు పోయింది. కానీ పాత మరకలు ఇంకా ఉన్నాయి. ఫ్లాట్ నంబర్లు లాంగ్ టైప్‌గా ఒక సెట్‌లో పెట్టుకుని, అందులో 302 ఉందా అని కంటెయిన్స్ మెథడ్‌తో అడిగి చూడండి. 302 సెట్‌లో ఉన్నా లేదనే చెబుతుంది! మనం మామూలుగా రాసిన 302 ఇంటీజర్‌గా మారి లోపలికి వెళ్తుంది, ఇంటీజర్ 302, లాంగ్ 302 ఎప్పటికీ సమానం కావు, కంటెయిన్స్ పారామీటర్ ఆబ్జెక్ట్ కాబట్టి కంపైలర్ నోరు మెదపదు. నేను దీని మీద ఒక మధ్యాహ్నం మొత్తం పోగొట్టుకున్నాను, డేటాబేస్‌ని అనుమానించాను, క్యాష్‌ని అనుమానించాను, చివరికి పక్క సీట్లో కొత్తగా చేరిన అమ్మాయి, చివర ఎల్ అక్షరం పెట్టలేదేంటన్నా అంది (302L అని రాస్తేనే అది లాంగ్).

సంబంధం లేని రెండు టైపులకు ఉమ్మడి పేరెంట్ ఉంటే మీరు చెల్లించే ధర ఇదే: వాటిని కలపకూడని చోట కలిపినా కంపైలర్‌కి తప్పుగా కనిపించదు. కోట్లిన్‌లో ఒక పూర్ణాంకాన్నీ ఒక స్ట్రింగ్‌నీ సమానమా అని పోల్చబోతే కంపైలరే ఆపేస్తుంది, రస్ట్‌లోనూ అంతే. మీరు కొత్తగా బేస్ ఐటమ్ రాసిన ప్రతిసారీ ఇలాంటి ఒక కాపలావాణ్ణి పంపించేస్తున్నట్టు లెక్క.

అందుకునే ఫంక్షన్ ముందు రాయండి

కాబట్టి పేరెంట్ క్లాస్ ఫైల్ తెరవకండి. ముందు స్క్రీన్ చూపించే ఫంక్షన్ రాయండి, లోపలికి వచ్చేదాని టైప్ దగ్గర ప్రస్తుతానికి ఖాళీ వదిలేయండి. పూర్తయ్యాక, ఆ వచ్చినదాన్ని ఈ ఫంక్షన్ ఏమేం అడుగుతోందో చూడండి. అనుభవంలో నాకు మూడే రకాలు తగిలాయి.

ఏమీ అడగదు, అందుకుని ఇంకొకరికి ఇచ్చేస్తుంది, లెక్కపెడుతుంది, క్యూలో పెడుతుంది. దీనికి పేరెంట్ దండగ, జెనెరిక్ పారామీటర్ చాలు.

ఒకటో రెండో మెథడ్లు పిలుస్తుంది, నాలుగింటినీ ఒకేలా పిలుస్తుంది, వచ్చిన జవాబుకి నాలుగు చోట్లా అర్థం కూడా ఒకటే. ఇక్కడ చిన్న ఇంటర్‌ఫేస్ న్యాయం.

లేదా, నువ్వు చెల్లింపువా, ఫిర్యాదువా అని ముందు అడిగి, దాన్నిబట్టి వేర్వేరు పనులు చేస్తుంది. ఇన్‌స్టాన్స్ఆఫ్ (నువ్వు ఈ టైప్‌వేనా అనే చెక్) వరుసగా నాలుగుసార్లు కనిపిస్తుందన్నమాట. అప్పుడు మీకు కావాల్సింది 'ఈ నాలుగింటిలో ఒకటి' అని చెప్పే టైప్. దానికి పేరెంట్ వేషం వేస్తే ఇబ్బందులు వస్తాయి, కింద చెబుతాను.

రెండో రకంలో 'అర్థం కూడా ఒకటే' అన్న ముక్క దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువమంది జారేది అక్కడే.

ఫీల్డు పేరు కలిసినంత మాత్రాన

ఇంటిపేరు ఒకటే అని ముక్కూమొహం తెలీనివాళ్లని బాబాయ్ అని పిలిచి అప్పు అడగం కదా. ఫీల్డుల విషయంలో మాత్రం సరిగ్గా అదే చేస్తాం. చెల్లింపుకి తేదీ ఉంది, ఫిర్యాదుకి తేదీ ఉంది, విజిటర్‌కి, నోటీసుకి కూడా ఉంది, కాబట్టి తేదీ పేరెంట్‌లోకి. కానీ చెల్లింపు తేదీ అంటే డబ్బు జమైన రోజు, ఫిర్యాదు తేదీ అంటే పెట్టిన రోజు (మళ్లీ తెరిస్తే మారుతుందా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు), విజిటర్‌ది లోపలికొచ్చిన టైమ్, నోటీసుది కొన్నిసార్లు అది అమల్లోకి వచ్చే రోజు. స్టేటస్ సంగతి ఇంకా ఘోరం.

ఒకప్పుడు నేను పనిచేసిన చోట ఇలాంటి బేస్ క్లాసే ఉండేది, అందులో స్టేటస్, తేదీ. కస్టమర్ టికెట్లకి సంబంధించి రాత్రిపూట నడిచే ఒక జాబ్ ఉండేది: స్టేటస్ 'క్లోజ్డ్' అయి 90 రోజులు దాటితే తీసేయ్. రాసినతను దాని పారామీటర్‌గా టికెట్ అని పెట్టకుండా, ఎందుకైనా మంచిదని బేస్ క్లాస్ పెట్టాడు. ఏడాది తర్వాత ఇన్వాయిస్‌లు కూడా అదే బేస్ కిందికి వచ్చాయి. ఇన్వాయిస్ 'క్లోజ్డ్' అంటే పూర్తిగా డబ్బు కట్టేశారని. తర్వాత ఏం జరిగిందో మీరే ఊహించుకోండి. బ్యాకప్ ఉంది కాబట్టి బతికాం, ఆ వారం టెన్షన్ మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఎవరి కోడ్‌లోనూ విడిగా చూస్తే బగ్ లేదు, ఒకే మాటకి రెండు అర్థాలున్న ఫీల్డు ఒకే గూట్లో ఉంది, అంతే.

అందుకని ఒక చిన్న పరీక్ష. ఆ ఫీల్డు గురించి ఒక వాక్యం రాయండి, టైప్ పేరు చెప్పకుండా. 'ఇది డేటాబేస్‌లో మొదటిసారి చేరిన సమయం' అనే వాక్యం నాలుగింటికీ నిజమే. 'ఇది జరిగిన తేదీ' అనేది నాలుగు చోట్లా నాలుగు రకాలు. మొదటిది పంచుకోవచ్చు, అది కూడా వారసత్వంగా అక్కర్లేదు: ఎవరు చేర్చారు, ఎప్పుడు చేర్చారు అన్న రెండిటినీ ఒక చిన్న ఆబ్జెక్ట్‌లో పెట్టి నాలుగు క్లాసుల్లోనూ ఒక ఫీల్డుగా ఉంచుకుంటే సరిపోతుంది. జావాలో జేపీఏ (క్లాసుల్ని డేటాబేస్ టేబుళ్లతో కలిపే పద్ధతి) వాడేవాళ్లు, మరి మ్యాప్డ్ సూపర్‌క్లాస్ (ఉమ్మడి కాలమ్‌లు పెట్టుకునే పేరెంట్) ఉందిగా, ఐడీ, తేదీ అందులోనే పెడతాంగా అంటారు. పెట్టుకోండి, నేనూ పెడతాను. ఒక్క షరతు: ఏ ఫంక్షనూ దాన్ని పారామీటర్ టైప్‌గా తీసుకోకూడదు. అది టైపింగ్ తగ్గించుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు, చుట్టరికం అనుకుంటే పై కథే మళ్లీ మొదలు.

పేరు కూడా పట్టిస్తుంది. పేరెంట్‌కి ఐటమ్, బేస్, కామన్, ఎంటిటీ, థింగ్ తప్ప ఇంకో పేరు దొరక్కపోతే చెప్పడానికి అక్కడ ఏమీ లేదని అర్థం.

భాషలు చేసినవాళ్లూ ఇక్కడ తప్పటడుగు వేశారు

మనమే కాదులెండి. జావా మొదటి నుంచీ ఉన్న స్టాక్ క్లాస్, వెక్టర్‌ని ఎక్స్‌టెండ్ చేస్తుంది. స్టాక్ అంటే పైనుంచి పెట్టి పైనుంచే తీయాలి, కానీ వెక్టర్ నుంచి వచ్చిన మెథడ్ల వల్ల మధ్యలో ఎక్కడైనా దూర్చేయొచ్చు. జావా డాక్యుమెంటేషనే ఇప్పుడు స్టాక్ బదులు డెక్ వాడుకోమంటోంది. ప్రాపర్టీస్ క్లాస్ హ్యాష్‌టేబుల్ పిల్ల, అందువల్ల స్ట్రింగులు మాత్రమే ఉండాల్సిన చోట ఏదైనా పెట్టేయొచ్చు. ఎస్‌క్యూఎల్ ప్యాకేజీలోని టైమ్‌స్టాంప్, మామూలు డేట్ కింద ఉంటుంది, ఇది ఇంకా తమాషా: డేట్‌ని అడిగితే టైమ్‌స్టాంప్ నాతో సమానమే అనొచ్చు, తిప్పి టైమ్‌స్టాంప్‌ని అడిగితే కాదంటుంది. దీన్ని టైప్ వారసత్వంగా చూడొద్దని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి పెట్టారు.

పైథాన్‌లో డేట్‌టైమ్ అనేది డేట్‌కి సబ్‌క్లాస్. ఇన్‌స్టాన్స్ చెక్‌లో పాసవుతుంది, తీరా రెండిట్లో ఏది ముందో పోల్చమంటే టైప్ ఎర్రర్ కొడుతుంది. బూల్ అనేది ఇంట్‌కి సబ్‌క్లాస్, అందుకే ట్రూకి ట్రూ కలిపితే 2. మెయింటెనెన్స్ మొత్తం పూర్ణాంకమేనా అని ఇన్‌స్టాన్స్ చెక్ పెట్టి చూడండి, ట్రూ అని పంపినా లోపలికి వదిలేస్తుంది, ఒక రూపాయి కట్టినట్టు లెక్క.

కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ప్రసంగంలో చెప్పి, తర్వాత 1994లో జెనెట్ వింగ్‌తో కలిసి పేపర్‌గా రాసిన సూత్రం ఈ తప్పుల్నే పట్టుకుంటుంది: పేరెంట్ గురించి నిజమని నమ్మి రాసిన కోడ్, పిల్లని ఇచ్చినా చెడిపోకూడదు. ఇంటర్వ్యూల్లో దీన్ని బట్టీపట్టి అప్పజెబుతాం గానీ కోడ్ రివ్యూలో అడిగేవాళ్లు తక్కువ.

నాకు నచ్చిన దారి: పేరెంట్ లేకుండానే ఒకే లిస్ట్

మన స్క్రీన్ దగ్గరికి తిరిగొద్దాం. స్క్రీన్‌కి నిజంగా కావాల్సినవి నాలుగు: ఒక సమయం, ఒక లైన్ టెక్స్ట్, ఒక ఐకాన్, నొక్కితే ఎక్కడికి వెళ్లాలో ఒక లింక్. ఈ నాలుగు ఫీల్డులతో 'టైమ్‌లైన్ వరుస' అని ఒక మామూలు రికార్డ్ చేసుకోండి. తర్వాత నాలుగు చిన్న ఫంక్షన్లు: చెల్లింపు ఇస్తే వరుస, ఫిర్యాదు ఇస్తే వరుస, విజిటర్ ఇస్తే వరుస, నోటీసు ఇస్తే వరుస. నాలుగు లిస్టుల్నీ మార్చి, కలిపి, సమయం ప్రకారం సార్ట్ చేసి చూపించండి. అయిపోయింది. ఎవరికీ పేరెంట్ లేదు, చెల్లింపు క్లాస్‌కి అసలు ఇలాంటి స్క్రీన్ ఒకటుందని కూడా తెలీదు.

దీని అసలు లాభం తర్వాత తెలుస్తుంది. నోటీసు పెట్టిన రోజు కాకుండా అమల్లోకొచ్చే రోజు దగ్గర కనిపించాలని సెక్రటరీ అంటే, మార్చాల్సింది నోటీసుని వరుసగా మార్చే ఒక్క ఫంక్షన్‌లో ఒక్క లైన్. పేరెంట్‌లో తేదీ ఉండి ఉంటే నాలుగు టైపుల సార్టింగూ ఎక్కడ దెబ్బతింటుందో అని వెతుక్కునేవాళ్లం. పైగా స్ట్రింగ్ లాంటి, మనం ముట్టుకోలేని క్లాసుల్ని, వేరే లైబ్రరీ క్లాసుల్ని కూడా ఇలాగే వరుసగా మార్చుకోవచ్చు. జావాలో వాటికి కొత్త ఇంటర్‌ఫేస్ తగిలించే వీలే లేదు.

ఇంటర్‌ఫేస్ దారి కూడా చెడ్డదేం కాదు, చిన్నదిగా ఉంటే. గోలో అయితే ఇంటర్‌ఫేస్‌లోని మెథడ్లు టైప్‌కి ఉంటే చాలు, నేను ఫలానావాడినని ప్రకటించుకోనక్కర్లేదు, పైథాన్ 3.8 నుంచి ప్రోటోకాల్ కూడా అలాంటిదే. రస్ట్‌లో మీ ట్రెయిట్‌ని (ఇదీ ఇంటర్‌ఫేస్ లాంటిదే) వేరేవాళ్ల టైపుకి కూడా మీరే రాసుకోవచ్చు. నేను పెట్టుకున్న హద్దు రెండు మెథడ్లు, మూడోది చేరేటప్పుడు ఒక టైప్ దగ్గరైనా దానికి 'సపోర్ట్ లేదు' అని ఎక్సెప్షన్ విసరాల్సి వస్తోందంటే వెనక్కి తగ్గుతాను.

ఈ నాలుగింటిలో ఒకటి

వరుసలు చూపించడంతో కథ ఆగదు ఒక్కోసారి. నొక్కినప్పుడు చెల్లింపైతే రసీదు, ఫిర్యాదైతే ఎవరికి అప్పగించారో చూపించాలి, అంటే అసలు డేటా తిరిగి కావాలి. ఇదే మూడో రకం. ఇక్కడ మామూలు పేరెంట్ పెట్టి ఇన్‌స్టాన్స్ఆఫ్‌లు రాస్తే, రేపు ఐదో టైప్ వస్తే ఏ ఇఫ్ మర్చిపోయామో చెప్పే దిక్కుండదు.

తలుపు మూసిన టైప్ వాడండి. జావాలో 2021లో 17తో సీల్డ్ ఇంటర్‌ఫేస్‌లు పూర్తిగా వచ్చాయి, ఎవరెవరు దీని కింద ఉండొచ్చో అక్కడే రాసేస్తారు. 2023లో 21తో స్విచ్ (రకాన్ని బట్టి దారి ఎంచే ముక్క) కూడా అన్ని రకాలూ చూశావా లేదా అని నిలదీస్తుంది. కోట్లిన్‌లో సీల్డ్ క్లాస్, రస్ట్‌లో ఈనమ్, సీ ప్లస్ ప్లస్ 17లో వేరియంట్. టైప్‌స్క్రిప్ట్‌లోనూ పైథాన్ 3.10 నుంచీ అయితే మధ్యలో నిలువు గీత పెట్టి 'చెల్లింపు లేదా ఫిర్యాదు లేదా...' అని రాసేయడమే, ఆ క్లాసుల్లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. పైథాన్‌లో మాత్రం మైపై లాంటి టైప్ చెకర్ నడిపితేనే ఆ నిలదీత ఉంటుంది.

ఒకటే హెచ్చరిక, స్విచ్‌లో డీఫాల్ట్ బ్రాంచ్ (మిగతావన్నీ ఇటు అనే దారి) రాయకండి. ఐడీఈ సజెస్ట్ చేస్తుంది, వేలు ఎంటర్ మీదికి పోతుంది, డీఫాల్ట్ రాశారంటే ఐదో టైప్ వచ్చిన రోజు కంపైలర్ మౌనంగా ఉంటుంది.

ఇంటర్‌ఫేస్‌కీ దీనికీ మధ్య ఎంచుకోవడం ఎలా? కొత్త టైపులు ఎవరు చేరుస్తారో చూడండి. మీ టీమే చేరుస్తుంటే, వాటి మీద చేసే పనులు పెరుగుతుంటే, సీల్డ్ లేదా యూనియన్. బయటివాళ్లు ప్లగిన్లు రాసి తగిలిస్తారంటే ఇంటర్‌ఫేస్, ఎందుకంటే వాళ్ల టైప్ మీ స్విచ్‌లో ఉండదు. కంప్యూటర్ శాస్త్రవేత్త ఫిలిప్ వాడ్లర్ 1998లో ఎక్స్‌ప్రెషన్ ప్రాబ్లమ్ అని పేరు పెట్టింది ఈ లాగులాటకే.

ఇప్పటికే బేస్ క్లాస్ పాతుకుపోయి ఉంటే

ఒక్క పుల్ రిక్వెస్ట్‌లో (రివ్యూకి పంపే ఒక విడత మార్పుల్లో) పీకేయాలని చూడకండి, రివ్యూ చేసేవాళ్లు తిట్టుకుంటారు. ముందు ఆ బేస్‌ని పారామీటర్‌గానో, లిస్ట్ టైప్‌గానో, రిటర్న్ టైప్‌గానో వాడిన చోట్లు వెతికి రాసుకోండి. నలభై క్లాసులు ఎక్స్‌టెండ్ చేసినా ఇలాంటి చోట్లు ఐదారే ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఒక్కో చోటికీ పైన చెప్పిన ప్రశ్న వేయండి: ఇది ఏం అడుగుతోంది? జవాబుని బట్టి జెనెరిక్, చిన్న ఇంటర్‌ఫేస్, టైమ్‌లైన్ వరుస లాంటి రికార్డ్‌గా మార్చడం, సీల్డ్, ఏదో ఒకటి. ఆ చోట్లన్నీ అయ్యాక బేస్ క్లాస్‌ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. అప్పుడు ఫీల్డులు ఒక్కొక్కటిగా కిందికి దించండి, అర్థాలు వేరైన స్టేటస్ లాంటివి ముందు. దించేటప్పుడు పేరు కూడా మార్చండి, చెల్లింపులో 'జమైన తేదీ', విజిటర్‌లో 'వచ్చిన సమయం'. డేటాబేస్ కాలమ్ పేరు ఇప్పుడే మార్చక్కర్లేదు, మ్యాపింగ్‌లో పాత పేరే ఉంచి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

మన యాప్‌కి ఎండాకాలంలో ఐదో రకం వస్తుంది, చూస్తుండండి: వాటర్ ట్యాంకర్ ఎంట్రీ. ఎన్ని లీటర్లు, ఎంత ఇచ్చాం, ఎవరు సంతకం పెట్టారు. బేస్ ఐటమ్ ఉంటే దీనికి స్టేటస్ ఏం పెట్టాలి, శీర్షిక ఏం పెట్టాలి అని కూర్చుని కల్పించాలి. పై పద్ధతిలో అయితే ట్యాంకర్ క్లాస్ తనకు కావాల్సిన ఫీల్డులతోనే ఉంటుంది, వరుసగా మార్చే ఫంక్షన్ ఒకటి రాస్తారు, సీల్డ్ లిస్టులో పేరు చేరుస్తారు. వెంటనే రకాన్ని బట్టి స్విచ్ రాసిన చోట్ల, అంటే నొక్కితే తెరుచుకునే స్క్రీన్ దగ్గరా, ఎక్సెల్ రిపోర్ట్ దగ్గరా, రెండు కంపైల్ ఎర్రర్లు వస్తాయి, అవి సరిచేసి టీకి వెళ్లండి.